ఆయనకి వేరే వంట

జనవరి ఒకటో తారీఖున మన ఊళ్ళల్లో జిమ్ములు కిటకిటలాడతాయి. ఏడాది ఫీజు ఒకేసారి కడితే మూడు నెలలు ఉచితమని గుమ్మం ముందు ఫ్లెక్సీ వేలాడుతుంది. కొత్త బూట్లు, కొత్త టీషర్టు, నొక్కితే మూత తెరుచుకునే నీళ్ళసీసా. తెలుగునాట ఈ ఉత్సాహానికి ఆయుష్షు రెండు వారాలు. ఈలోగా సంక్రాంతి వచ్చేస్తుంది. అత్తవారింటి నుంచి అరిసెల డబ్బా, మేనత్తగారింటి నుంచి సున్నుండల డబ్బా దిగుతాయి. కనుమనాడు మినుము తినాలన్నారు కాబట్టి గారెలు తప్పవు, గారెలున్నాయి కాబట్టి కోడికూరా తప్పదు. పండక్కి ఊరెళ్ళి వచ్చినవాళ్ళలో చాలామంది మళ్ళీ ఆ మెట్లెక్కరు. జిమ్ము నడిపే కుర్రాడికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. ఏడాది డబ్బు ముందే కట్టించుకునేది అందుకే.

బరువు తగ్గడానికి మనవాళ్ళు ఎప్పుడూ ఒక తేదీ పెట్టుకుంటారు. అమ్మాయి పెళ్ళి, అమెరికా ప్రయాణం, పదో తరగతి బ్యాచ్ పాతికేళ్ళ తర్వాత కలుసుకునే రోజు, లేకపోతే డాక్టరుగారు మళ్ళీ రమ్మన్న రోజు. "ముహూర్తం ఫాల్గుణంలో పెట్టారు, ఈలోగా పది కిలోలు తగ్గాలి" అంటారు. పదే ఎందుకని అడిగితే చెప్పలేరు. ఏడూ ఎనిమిదీ ఎవరికీ అక్కర్లేదు, అందరికీ పదే కావాలి. ఆ పదీ ఒంటి మీదికి చేరడానికి ఎన్నేళ్ళు పట్టిందో ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు.

మా అన్నయ్య ఈ రంగంలో అనుభవజ్ఞుడు. తెలుగునాట వచ్చిన ప్రతి డైట్‌నీ చేసి చూసినవాడు. ప్రతిదాంతోనూ తగ్గాడు, ప్రతిసారీ మళ్ళీ పెరిగాడు. ఆయన పట్టుదలని నేను తక్కువ చేయను. నెలల తరబడి పెళ్ళిభోజనాల్లో పచ్చి దోసకాయ ముక్కలు తిని లేచొచ్చిన మనిషి. అయితే ఆయన డైట్‌ల గురించి ఆయన చెప్పే కథ ఒకటి, మా వదినకు తెలిసిన కథ ఇంకొకటి. ఆవిడ కథకి వచ్చేముందు కాస్త లెక్కలు చూడాలి.

ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల లోటు పడాలని స్థూలంగా అంచనా. పది కిలోలకు 77,000. నెలరోజుల్లో కావాలంటే రోజుకి రెండువేల అయిదువందల పైచిలుకు. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకి 2,110 క్యాలరీలు కావాలి, ఆడమనిషికి 1,660. అంటే నెలపాటు మంచినీళ్ళు తాగి పడుకున్నా పది కిలోల కొవ్వు కరగదు. కరిగిస్తామని ఎవరైనా బోర్డు పెట్టారంటే వాళ్ళు తగ్గించేది ఇంకేదో అన్నమాట.

మరి మొదటి వారంలో మూడు కిలోలు తగ్గానని మా అన్నయ్య ఫోన్ చేసి మరీ చెప్పిన మాట అబద్ధమా? అబద్ధం కాదు, తూకం మెషీన్ కూడా అదే చెప్పింది. మనం తిన్న అన్నంలో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకుంటుంది. అంతా కలిపి అటూ ఇటూగా అరకిలో. ఆ గ్లైకోజెన్ ఒక్కో గ్రాముకీ మూడు గ్రాముల దాకా నీళ్ళు పట్టి ఉంచుతుంది. అన్నం, రొట్టె, టిఫిన్లు హఠాత్తుగా ఆపేస్తే శరీరం ముందు ఆ నిల్వే వాడేస్తుంది, దాంతోపాటు నీళ్ళూ బయటికి పోతాయి. నాలుగు రోజుల్లో రెండు కిలోలు ఇట్టే తేలికవుతాం. ఉప్పు కూడా తగ్గిస్తే ఇంకాస్త. పెరుగన్నం తిన్న వారంలోనే ఆ నీళ్ళు తిరిగొచ్చేస్తాయి. ప్రపంచంలో అమ్ముడుపోయే ప్రతి తొందర డైటూ ఈ మొదటి వారం మీదే బతుకుతోంది. రెండో నెల ఫొటో ఎవరూ పెట్టరు.

మన తెలుగువాళ్ళకి ఈ పాతిక ముప్ఫయ్యేళ్ళలో మూడు పెద్ద గాలులు వీచాయి. మొదటిది మంతెన సత్యనారాయణరాజు గారిది. ఉప్పు లేదు, నూనె లేదు, పంచదార లేదు. పొద్దున్నే లీటర్ల కొద్దీ నీళ్ళు, మొలకెత్తిన గింజలు, పచ్చికూరల రసాలు. టీవీలో ఆయన మాట వినని ఇల్లు ఉండేది కాదు. తర్వాత 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి గాలి. అందులో నూనె లేకపోవడం కాదు, నూనే ఆహారం. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనెలాంటి కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం ముఖం చూడకూడదు. ఊరూరా సభలు జరిగాయి, జనం ఫంక్షన్ హాళ్ళు పట్టనంతగా వచ్చారు, టీవీ చర్చల్లో డాక్టర్లు అభ్యంతరాలు చెప్పారు, ఈలోగా కిరాణా కొట్ల వాళ్ళు కొబ్బరినూనె డబ్బాలు ముందువరసలోకి జరిపారు. మూడోది మైసూరులో స్థిరపడ్డ ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలది: కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు. మన తాతలు తిని వదిలేసిన ధాన్యాలు సోనామసూరి కంటే ఎక్కువ ధరకి గాజుసీసాల్లో తిరిగొచ్చాయి.

ఈ మూడింటిలో ఏది మంచిదో తేల్చడానికి నేను కూర్చోలేదు. ఒకరు నూనె వద్దంటే, ఇంకొకరు నూనే తినమంటే, రెండుచోట్లా జనం తగ్గారు. రెండుచోట్లా వాళ్ళు మానేసినవి చూడండి: గుట్టగా వడ్డించుకున్న అన్నం, సాయంత్రం బజ్జీలు, రోజుకి నాలుగైదుసార్లు పంచదార వేసిన టీ. తగ్గడానికి కారణం చాలావరకు అక్కడే ఉందని నా నమ్మకం.

ఇక మా వదిన కథ. ఆవిడ ఈ డైట్‌లని పేర్లతో గుర్తుపెట్టుకోలేదు, గిన్నెలతో గుర్తుపెట్టుకుంది. వాళ్ళింటి అటక మీద చూస్తే చరిత్ర మొత్తం వరుసగా ఉంటుంది. నూనె లేని రోజుల్లో కొన్న నాన్‌స్టిక్ పెనం, రసాల రోజుల్లో కొన్న జ్యూసర్, కొబ్బరినూనె రోజుల నాటి అయిదు లీటర్ల డబ్బా, అంబలి పులియబెట్టడానికి తెచ్చిన మట్టికుండ, గ్రాములు తూచే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు. డైట్ ఆగిపోయిన ప్రతిసారీ ఒక సామాను అటకెక్కింది.

ఆ రోజుల్లో వాళ్ళింట్లో వంట ఎలా సాగేదో నేను చూశాను. అయిదింటికి లేచి అన్నయ్యకి కొర్రలు వండాలి. అవి రాత్రే నానబెట్టి ఉండాలి, మరిచిపోతే ఆ రోజు మాటలు పడాలి. పిల్లలకి స్కూలు డబ్బాల్లోకి పులిహోరో నిమ్మకాయ అన్నమో. మా అమ్మకి బీపీ, కాబట్టి ఆవిడ పప్పులో ఉప్పు సగమే పడాలి. అన్నయ్య నూనె లేనివి తినే రోజుల్లో ఆయన కూరకి వేరే మూకుడు. పిల్లలు ఆ కూర ముట్టరు, వాళ్ళకి బంగాళాదుంప వేపుడు. చుట్టాలెవరైనా వస్తే "ఆయనకి వేరే వంటండీ" అని మా వదిన కాస్త గర్వంగానే చెప్పేది. మొగుడు ఆరోగ్యం చూసుకుంటున్నాడంటే ఏ ఇల్లాలికైనా సంతోషమే కదా. రెండు పొయ్యిల స్టవ్వు తీసేసి నాలుగు పొయ్యిలది కొన్నది ఆ గర్వంలోనే.

ఒకరోజు మధ్యాహ్నం మూడు దాటాక ఫోన్ చేశాను.

"భోంచేశావా వదినా?"

"ఆ, తినేశానమ్మా. పొద్దుటి ఉప్మా కాస్త మిగిలింది, అదీ, పిల్లాడు వదిలేసిన పెరుగన్నం, మీ అన్నయ్య కొర్రలు ఓ గరిటెడు. వేపుడు అడుగంటింది కూడా ఉంటే గోకేశాను. పారబొయ్యలేం కదా."

ఇదీ ఆవిడ డైట్. ఇంట్లో నలుగురికీ నాలుగు రకాలుగా వండి, నాలుగింటి అడుగూ తానే తినడం. ఎవరి కంచంలోనూ లెక్కకి రాని తిండి అది. నిలబడి తిన్నది, గిన్నె కడగడానికి ముందు తిన్నది, పిల్లాడి నోట్లో పెట్టబోతే వాడు తల తిప్పుకున్నాడని తన నోట్లో వేసుకున్నది. అన్నయ్యకి గ్రాములు తూచిన త్రాసు మీద ఆవిడ ముద్ద ఒక్కటీ ఎక్కలేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019–21లో చేసినది, ఏం చెప్పిందంటే ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో మూడోవంతు కంటే ఎక్కువమంది అధిక బరువున్నవాళ్ళు. తెలంగాణలో నూటికి ముప్ఫైమంది. దేశం మొత్తం మీద ఆ సంఖ్య నూటికి ఇరవైనాలుగు. అందరూ మా వదినలాగే గిన్నెల అడుగులు తిని లావయ్యారని నేను అనను. అయితే మన ఇళ్ళల్లో డైట్ చేసేవాళ్ళు ఎవరు, డైట్ వండేవాళ్ళు ఎవరు అన్న ప్రశ్న సర్వేలవాళ్ళు కూడా అడిగితే బాగుండును.

అన్నయ్య డైట్‌లన్నీ ఎలా ముగిశాయో ఆయన్ని అడిగితే ఆఫీసు క్యాంపు అంటాడు, పండగ అంటాడు, మోకాలి నొప్పి అంటాడు. నేను తారీఖులు పట్టుకుని అడిగితే తేలిందేమిటంటే, మా వదిన పుట్టింటికి వెళ్ళినప్పుడో, జ్వరంతో పడుకున్నప్పుడో ప్రతి డైటూ ఆగిపోయింది. కొర్రలు ఎంతసేపు నానాలో, ఎన్ని కూతలు రావాలో ఆయనకి తెలియదు. హోటలు నుంచి ఇడ్లీ వచ్చేది, ఇడ్లీ వెనకాల పూరీ వచ్చేది. ఇలా జరిగిన ప్రతిసారీ ఆయన తన నాలుకని తిట్టుకున్నాడు. పాపం దాని తప్పేమీ లేదు.

ఆకలితో ఉన్న మనిషి తిండి గురించి తప్ప ఇంకోటి ఆలోచించలేడని ఒక పెద్ద ప్రయోగంలోనే తేలింది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల్ని తీసుకున్నాడు. తుపాకి పట్టం అని యుద్ధానికి వెళ్ళనివాళ్ళు వాళ్ళు. యూరప్‌లో కరువుపాలైన జనానికి మళ్ళీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం ప్రయోగం ఉద్దేశం. ఆరు నెలలపాటు వాళ్ళకి రోజుకి సుమారు 1,570 క్యాలరీలు పెట్టి, వారానికి 22 మైళ్ళు నడిపించారు. మనుషులు తమ బరువులో పావువంతు కోల్పోయారు. బరువు సంగతి అలా ఉంచండి, వాళ్ళ బుద్ధులు మారిపోయాయి. చిరాకు, దిగులు, చలి. కంచాలు నాకడం. వంట ముఖం ఎరగని కుర్రాళ్ళు వంటల పుస్తకాలు పోగుచేసి, రాత్రుళ్ళు వంటల వర్ణనలు చదువుకుంటూ కూర్చున్నారు. మా అన్నయ్య నిమ్మకాయ నీళ్ళు తాగి, రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని ఫోనులో గుంటూరు కారం కోడివేపుడు వీడియో చూస్తుంటే నాకు ఆ 36 మందీ గుర్తొచ్చారు. ఇవాళ ఊళ్ళో ఇచ్చే డైట్ చార్టుల్లో చాలావాటిలో 1,200 క్యాలరీలే ఉంటున్నాయి. కీస్ కరువు పేరు పెట్టి పెట్టిన తిండి కంటే తక్కువ.

శరీరానికి మన ముహూర్తాలు తెలియవు. తిండి హఠాత్తుగా తగ్గితే అది కరువొచ్చిందనే అనుకుని ఖర్చు తగ్గించుకుంటుంది. అమెరికా టీవీలో ది బిగ్గెస్ట్ లూజర్ అని బరువు తగ్గే పోటీ ఒకటి వచ్చేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత కెవిన్ హాల్ బృందం మళ్ళీ పరీక్షించింది. సగటున 58 కిలోలు తగ్గినవాళ్ళు 41 కిలోలు తిరిగి పెరిగారు. అంతకంటే విచిత్రం, వాళ్ళ శరీరాలు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చుపెట్టే శక్తి, ఆ బరువు మనిషికి ఉండాల్సినదానికంటే రోజుకి సుమారు 500 క్యాలరీలు తక్కువగానే ఉండిపోయింది. 2016లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మళ్ళీ పెరిగినవాణ్ణి చూసి "నోరు కట్టుకోలేకపోయాడు" అనేసే చుట్టాలు ఇది చదవాలి.

వ్యాయామం సంగతికి వద్దాం, త్వరగానే ముగుస్తుంది. డెబ్బై కిలోల మనిషి గంటసేపు మామూలు నడక నడిస్తే ఖర్చయ్యేది రెండువందల యాభై క్యాలరీల చుట్టుపక్కల. నడక గుండెకి మంచిది, షుగరుకి మంచిది, నిద్రకి మంచిది, మోకాళ్ళు బాగున్నన్నాళ్ళు మానకూడదు. అయితే మన ఊళ్ళల్లో పొద్దుటి నడక ఎక్కడ ముగుస్తుందో అందరికీ తెలుసు. రాజమండ్రి గోదావరి గట్టయినా, విశాఖ బీచ్ రోడ్డయినా, హైదరాబాదులో పార్కు గేటయినా, నడక తర్వాత స్నేహితులతో టిఫిన్ ఉంటుంది. నెయ్యి వేసిన పెసరట్టులో ఉప్మా పెట్టించుకుంటే గంట నడకా అక్కడికక్కడే జమ. పక్కనే కాకరకాయ రసం అమ్మే ఆవిడ ఉంటుంది. ముందు ఆ రసం తాగి, మొహం వికారంగా పెట్టి, ఆ చేదు పోవడానికి టీ తాగేవాళ్ళు కూడా ఉన్నారు. నాకు ఆ స్నేహాల మీద కోపం లేదు. రిటైరైనవాళ్ళకి ఆ పెసరట్టు కబుర్లే అసలు మందు. కాకపోతే దాన్ని బరువు తగ్గే ఖాతాలో రాయకూడదు.

ఇంకొకటి, "రాత్రిళ్ళు అన్నం మానేశానండీ, టిఫినే" అనే మాట. ఈ మాట అన్నవాళ్ళ కంచంలో నూనె వేసి కాల్చిన నాలుగు చపాతీలూ, బంగాళాదుంప కుర్మా ఉంటాయి. ఒక కప్పు అన్నమూ చారూ అంతకంటే తేలిక. ఏకాదశి ఉపవాసం నాడు ఉప్పుడుపిండి, అరటిపళ్ళు, పాలు, జీడిపప్పులతో పొద్దు పుచ్చే జాతి మనది. అన్నం ఒక్కటి లేకపోతే చాలు, తిననట్టే లెక్క.

ఇన్ని తిప్పలు పడి నిజంగా తగ్గినవాడికి మనం ఇచ్చే బహుమతి ఏమిటి? వీధిలో మొదట కనబడ్డ మనిషి "ఏంటండీ అలా చిక్కిపోయారు, షుగరా?" అంటాడు. రెండో మనిషి గొంతు తగ్గించి "ఇంట్లో అంతా బాగానే ఉందా?" అంటాడు. లావైతే "ఒళ్ళు చేశావు" అని నవ్వుతారు, తగ్గితే "మొహం పీక్కుపోయింది" అని జాలిపడతారు. ఆడపిల్లలకయితే ఈ రెండు మాటల మధ్య నిలబడే చోటే లేదు.

మా అన్నయ్య కూతురి పెళ్ళి కుదిరాక అదే చూశాను. పిల్ల మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బరువేమీ లేదు నిజానికి. ఫొటోల కోసమని రెండు పూటలా భోజనం మానేసి డబ్బాలో పొడి నీళ్ళల్లో కలుపుకుని తాగింది. పెళ్ళికి సన్నగానే ఉంది, ఆల్బమ్ బాగా వచ్చింది. పెళ్ళయిన కొన్నాళ్ళకి దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. అత్తగారు నీళ్ళ మీద తోసేసింది, ఊరి నీళ్ళు పడలేదంది. చర్మవ్యాధుల డాక్టరు మాత్రం మూడు నెలల కిందట ఏం తిన్నావమ్మా అని అడిగింది. తిండి ఒక్కసారిగా కోసేస్తే జుట్టు వెంటనే రాలదు, రెండు మూడు నెలలు ఆగి రాలుతుంది. తిరిగి వస్తుంది కూడా, కంగారుపడక్కర్లేదు. ఇలాగే మరీ వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే ప్రమాదం పెరుగుతుందని వైద్యులు ఎన్నాళ్ళుగానో చెబుతున్నారు. కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, తిరిగి పెరిగినప్పుడు మాత్రం కొవ్వే ముందొస్తుంది.

తొందర పిచ్చి మనకే పుట్టిందనుకోకండి. 1933లో అమెరికా స్టాన్‌ఫర్డ్‌లో డైనైట్రోఫినాల్ అనే రసాయనంతో బరువు తగ్గుతుందని కనుక్కున్నారు. పేలుడు పదార్థాల ఫ్యాక్టరీల్లో వాడే సరుకు అది. మింగినవాళ్ళు నిజంగానే తగ్గారు. ఒళ్ళు లోపల్నుంచి కాగిపోయి కొందరు చనిపోయారు, కొందరికి కళ్ళల్లో శుక్లాలు వచ్చాయి. 1938లో ప్రభుత్వం ఆపించింది. మన దగ్గర 2015లో ప్రకాశ్ కోవెలమూడి తీసిన సైజ్ జీరో సినిమా మొత్తం ఇలాంటి తొందర వ్యాపారం మీదే. ఆ పాత్ర కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగింది. సినిమా ఆడలేదు గానీ, చెప్పిన సంగతి పాతబడలేదు. ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి. మౌంజారో, వెగోవీ 2025లో మన దేశపు మందుల షాపుల్లోకి దిగాయి. అవి ఆకలినే తగ్గిస్తాయి, బాగా పనిచేస్తాయి, ఒంటి బరువుతో గుండెకీ కీళ్ళకీ ముప్పు వచ్చినవాళ్ళకి అవి వరమే. కాకపోతే వెగోవీ మందు ఆపేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చిందని దాని పరీక్షల్లోనే తేలింది. పెళ్ళి ముహూర్తం కోసం పొడిపించుకునే సూది కాదు అది.

అసలు తూకం మెషీన్‌ని అంత నమ్మడమే మనకి చెల్లదు. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ అని మధుమేహ పరిశోధకుడు ఉన్నారు. ఆయనా, లండన్ డాక్టర్ జాన్ యుడ్కినూ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోలే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. మన ఒంటి తీరు అది: చేతులు సన్నం, పొట్ట ముందుకి. అందుకే మన దేశపు వైద్యులు బీఎంఐ 23 దాటగానే జాగ్రత్త అంటారు, నడుము కొలత మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదంటారు. వందల రూపాయల మెషీన్ కంటే టైలరు మెడలో వేసుకునే టేపు మనకి నిజం చెబుతుంది.

పెళ్ళి హడావుడి అయ్యాక, కుటుంబమంతా ఒకసారి రక్తపరీక్షలు చేయించుకున్నారు. అన్నయ్యకి అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. షుగరు గీత దాటింది మా వదినకి. ఇన్నేళ్ళూ ఇంట్లో జరిగిన వేరే వంటలన్నీ ఆయన కోసం, జబ్బు మాత్రం వండిన మనిషికి. ఆ సాయంత్రం ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఇంట్లో ఒకటే వంట అని మాత్రం చెప్పింది. ఇష్టముంటే తినండి, లేదంటే మీరే వండుకోండి.

ఆ ఒకటే వంటలో గొప్ప రహస్యం ఏమీ లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు దాదాపు అవే. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకి చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకి మారిన సంస్థ అది. ఇన్ని తరాలుగా మన ఊళ్ళోనే ఉన్నా, దాని మాట వినడానికి ఫంక్షన్ హాళ్ళు నిండవు. రెండువేల క్యాలరీల కంచానికి వాళ్ళ లెక్క: బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, పళ్ళు 100, నూనె నెయ్యి కలిపి 27. మా వదిన ఆ చివరి అంకె పట్టుకుంది. మనిషికి 27 గ్రాములంటే నలుగురున్న ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు. వాళ్ళింట్లో అయిదు లీటర్ల క్యాను నెల తిరక్కుండానే అయిపోయేది, నెయ్యి వేరే. ఇప్పుడు క్యాను మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి తారీఖు వేస్తుంది. ఆ గీత దాటితే నెలాఖరు దాకా వేపుళ్ళు ఉండవు. బియ్యం కొలిచే డబ్బా మారింది, చిన్నదయింది. పప్పు చిక్కగా, కూర ఎక్కువగా, అన్నం అంతకు ముందు మారు వడ్డించుకున్నంత కాకుండా. అమ్మకి తగ్గించిన ఉప్పే అందరికీ. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి అందరితోపాటు తనూ కూర్చుంటుంది. మిగిలింది ఫ్రిజ్‌లోకి, అది మర్నాడు అందరిదీ.

బరువు తగ్గారా అంటే తగ్గారు, ఎవరూ ఫొటో తీసి పెట్టుకునేంతగా కాదు. ఆ సంస్థ వాళ్ళు క్షేమం అని చెప్పేది కూడా వారానికి అరకిలోనే. వీళ్ళది అంతకంటే కూడా నెమ్మదిగా సాగింది, మధ్యలో సంక్రాంతి వచ్చింది, ఓ పెళ్ళి భోజనం వచ్చింది, ఆగింది, మళ్ళీ సాగింది. డైట్ అనే మాట ఎవరూ అనలేదు కాబట్టి ఆపడానికి కూడా ఏమీ లేకపోయింది. అన్నయ్య మాత్రం ఇది డైటే కాదని ఇంకా వాదిస్తాడు. పొద్దున ఫోనులో కొత్తది ఒకటి చూశాడట, పదహారు గంటలు తినకుండా ఉండి ఎనిమిది గంటల్లో తినేది. చేయనీ, దానికి వేరే గిన్నె అక్కర్లేదు కదా అంది మా వదిన.

ఇది చదివి రేపటి నుంచి డైట్ మొదలుపెడదామనుకుంటున్న మగమహారాజులకి ఒక్క మనవి. పొద్దున్నే నడకకి వెళ్ళేటప్పుడు సంచి కూడా పట్టుకెళ్ళండి. తిరిగొచ్చేదారిలో టిఫిన్ బండి దగ్గర ఆగకుండా రైతుబజారులో ఆగి, ఇంటిల్లిపాదికీ సరిపడా బీరకాయలో సొరకాయలో తోటకూరో తీసుకోండి. ఇంటికొచ్చి వాటిని మీరే తరిగి, ఆ కూర మీరే పొయ్యి మీద పెట్టండి. కొర్రలే కావాలంటే రాత్రి మీరే నానబెట్టుకోండి.